వణుకు వేరు, గరుకు వేరు

చిన్న అక్షరాన్ని కంప్యూటరులో పెద్దది చేస్తే అంచులు రంపపు పళ్ళలా తేలడం మీరు బ్యానర్ల మీద చూసే ఉంటారు. మన తెలుగు అక్షరాలకు ఈ బాధ మరీ ఎక్కువ. వాటిలో తిన్నని గీతలకంటే వంపులే ఎక్కువ కదా!

మా చీడికాడలో పిల్లల గది గుమ్మం మీదికి "ఆదివారపు బడి" అనే బోర్డు కావలసి వచ్చింది. అచ్చు అక్షరాలు వద్దు, ఏండ్ల తరబడి అక్కడ పాఠాలు చెప్పి ప్రభువునందు నిద్రించిన పంతులమ్మగారి చేతిరాతే ఉండాలనుకున్నాము. ఆమె హాజరు పట్టీ మొదటి పేజీలో ఆ మాట ఉన్నది. అక్కడ అక్షరం ఎత్తు అరంగుళం, బోర్డు మీద అడుగు.

అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే ఆ అరంగుళంలో 150 చుక్కలుంటాయి. అడుగుకు సాగదీస్తే ఒక్కో చుక్క సుమారు 2 మిల్లీమీటర్ల పలక అవుతుంది. మెట్లు కనబడక ఏం చేస్తాయి? పైగా స్టిక్కరు కోసే యంత్రం కత్తి ఆ మెట్టు మెట్టునా తిరుగుతుంది.

పట్నంలో ఒక షాపువారు మెట్లన్నీ పోగొట్టి, అద్దంలా నున్నగా చేసి ఇచ్చారు. చూడ ముచ్చటగా ఉంది. పంతులమ్మగారి కూతురు మాత్రం కాసేపు చూసి, "ఇది మా అమ్మ రాత కాదు. ఆఖర్న అమ్మ చెయ్యి వణికేది, ఇందులో వణుకేదీ?" అన్నది. మాకు నోట మాట రాలేదు.

అప్పుడు ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో మేమే కూర్చున్నాము. చుక్కల బొమ్మను గీతలుగా మార్చడానికి అందులో పోట్రేస్ అనే పనిముట్టు ఉంది. పీటర్ సెలింగర్ అనే గణిత ఆచార్యుడు దానిని తయారు చేశారు. అది గీసే వంపులను బెజియే వంపులంటారు. ఫ్రాన్సులో సిట్రోయెన్, రెనో కార్ల రేకుల వంపులు లెక్కకట్టడానికి దె కాస్తెల్జో, బెజియే అనే ఇద్దరు ఎవరికి వారుగా వీటికి దారి వేశారు. కారు రేకు కోసం పుట్టిన లెక్క మన 'ఆ' అక్షరానికీ పనికొచ్చింది!

మొదట పేజీని 600 చుక్కలతో మళ్ళీ స్కాన్ చేశాము. అసలు మందు ఇదే. మెట్లు సగానికి సగం అక్కడే చిన్నవైపోతాయి. తరువాత గీతగా మార్చాము. "సింప్లిఫై" అనే ఆజ్ఞ ఒక్కసారి నొక్కితే అక్కరలేని బిందువులు తగ్గుతాయి. నాలుగైదుసార్లు నొక్కితే మనిషి చెయ్యే మాయమవుతుంది. అందుకని ఒక్కసారితో ఆగి, మిగిలిన బిందువులను ఒక్కొక్కటే చూశాము. మెట్లు కొలిచినట్టు ఒకే తీరున వస్తాయి, వాటిని తీసేశాము. చేతి వణుకు అలా రాదు, ఒకచోట లావు, ఒకచోట సన్నం, దానిని ముట్టలేదు. రెండు రాత్రులు పట్టింది. తెర మీద మెట్టులా కనబడేదంతా మెట్టు కాదు సుమండీ! దగ్గరకు తెచ్చి చూసినప్పుడు నున్నగా ఉంటే అది తెర లోపమే, వదిలేయవచ్చు.

'డి' గుడి దగ్గర ఒక చుక్క మిగిలింది. సిరా చుక్కో, కాగితం మీది మచ్చో తేలలేదు. ఉంచమని కూతురు అన్నది. ఉంచాము.