పూతమందు – నా సంశయము

గత సంవత్సరము మా మిరపచేనిలో పూత రాలుచుండగా, మా నాయనగారు అప్పు చేసి నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లము గల మందును తెచ్చిరి. బుడ్డిలోని నీరు పూతను నిలుపునా యని నేను సంశయించితిని.

1926లో కురొసావా యను జపాను శాస్త్రజ్ఞుడు ఒక బూజు పెరిగిన ద్రవమును వడగట్టి వరిమొక్కలకు పోయగా, అవి అమితముగా సాగెనని మా ఉపాధ్యాయులు చెప్పిరి. కావున అట్టి మందులు కల్లలు కావు. మా చేనికి పనిచేయునా యనునదే ప్రశ్న. నాలుగు సాళ్లకు చల్లక విడువుడని నాయనగారిని వేడితిని. కోతలయందు ఆ సాళ్ల కాయలను, ప్రక్కనున్న నాలుగు సాళ్ల కాయలను వేర్వేరుగా తూచితిమి. భేద మించుకయు లేదు.

అప్పు మిగిలెను. నాయనగారు కొంతసేపు త్రాసును చూచి, "వచ్చే యేట చిన్నబుడ్డి తెత్తము, ముందుగా నాలుగు సాళ్లకే చల్లి చూతము" అనిరి.