బీము లోపల

భివండీలో, టెంఘర్‌లోని మా షెడ్డులో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉండేవి. వాటిని భంగార్‌కు, పాత ఇనుము కింద, ఇచ్చేసిన రోజున, నాకు తెలిసి మొదటిసారి, ఆ షెడ్డులో మనుషులు అరవకుండా మాట్లాడుకున్నారు. ఆ రోజు ఒక్క గొంతే పెద్దగా లేచింది. అది నాది.

సిరిసిల్ల నుంచి బాపు భివండీకి వచ్చింది కండెలు అందించే పిల్లవాడిగా. మా పద్మశాలీలలో ఆ తరం వాళ్లు చాలామంది అలాగే వచ్చారు. కొందరు ఇక్కడి పాత సాంచాలనే కొనుక్కుని ఊరికి తీసుకెళ్లారు. బాపు మాత్రం ఇక్కడే నిలిచిపోయి, ఇరవై ఏళ్లు పరాయి సాంచాలు నడిపి, చివరికి తనవి అని నాలుగు పెట్టుకున్నాడు. వాటిని కిలోల లెక్కన అమ్మాల్సి వచ్చినప్పుడు ఆయన ఏమీ అనలేదు. నాకే ఏదో చెయ్యాలనిపించింది. అప్పుడు నేను డిప్లొమా చదువుతున్నాను. కనీసం తూకంలోనైనా ఆయన నష్టపోకూడదనుకున్నాను.

ముందురోజు టేపు పట్టుకుని ప్రతి భాగాన్నీ కొలిచాను. లెక్క తేలికైనదే: పొడవు, వెడల్పు, మందం గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది, దాన్ని సాంద్రతతో గుణిస్తే బరువు. ఉక్కుకు ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు అని పుస్తకంలో ఉంది, అన్నింటికీ అదే వేశాను. పడుగు చుట్టే బీము గుండ్రన, 15 సెంటీమీటర్ల వ్యాసం, 150 సెంటీమీటర్ల పొడవు. వ్యాసార్ధం వర్గాన్ని పైతో, పొడవుతో గుణిస్తే 26,507 ఘన సెంటీమీటర్లు, అంటే 208 కిలోలు. నాలుగు బీములకు 832. రాసుకున్నాను. కింద గీత గీసి, మిగతావన్నీ కలిపాను.

మర్నాడు భంగార్ ఆయన కాంటా తెచ్చి, సామాను విడతలు విడతలుగా తూచాడు. చివరికి వచ్చిన మొత్తం నా లెక్క కంటే దాదాపు 900 కిలోలు తక్కువ. మీ కాంటాలో మోసముందని ఆయన ముఖం మీదే హిందీలో అన్నాను. ఆయన కూలీలు ఉన్నారు, పక్క షెడ్డుల వాళ్లూ ఉన్నారు. ఆయన కోప్పడలేదు. ధరమ్ కాంటాకు పోదాం, ఖర్చు నేనే పెట్టుకుంటా అన్నాడు.

బాపు నా చేతిలోని నోటుబుక్కు తీసుకుని కాసేపు చూశాడు. ఆయనకు ఆ సూత్రాలు రావు, అంకెలు వస్తాయి. బీము పక్కన రాసినదాని దగ్గర వేలు ఆపాడు. నేల మీద పడి ఉన్న పానా తీసుకుని బీము మీద ఒక్క దెబ్బ కొట్టాడు. గంటలా మోగింది. ఫ్రేము మీద కొట్టాడు. టక్కుమని అక్కడే ఆగిపోయింది.

"లోపట ఏమున్నదో సూశినవా, బిడ్డా?" అన్నాడు.

చూడలేదు. రెండు చివరలా ఫ్లాంజీలు బిగించి ఉంటే లోపల కనబడదు. అది గొట్టం, మందం అర సెంటీమీటరు. ఆ రాత్రి మళ్లీ లెక్క కట్టాను. బయటి ఘనపరిమాణంలోంచి లోపలి ఖాళీ తీసేస్తే మిగిలింది 3,416 ఘన సెంటీమీటర్లే. 208 కిలోలు అనుకున్న బీము 27 కిలోలు కూడా లేదు. నాలుగింటికీ కలిపి నేను తూచింది 725 కిలోల గాలిని. మిగతా తేడా ఫ్రేములలో దొరికింది. అవి పోతపోసిన ఇనుము, దాని సాంద్రత సుమారు 7.2. నేను 2,000 కిలోలు వేసిన చోట 1,834 మాత్రమే ఉన్నాయి. భంగార్ ఆయన కాంటా సరిగ్గానే చూపించింది.

తప్పు లెక్క ఎవరైనా చేస్తారు. నన్ను ఇప్పటికీ కలచివేసేది వేరే. నా పద్నాలుగేళ్లప్పుడు అదే ఖాళీ బీమును ఒక చివర బాపు, మరో చివర నేను పట్టుకుని సాంచా మీదికి ఎక్కించాం, ఎన్నోసార్లు. 208 కిలోలే అయితే నా చేతుల్లోకి వందకు పైగా రావాలి. నా చేతులకు ఆ బరువు తెలుసు. వాటిని నేను అడగలేదు. గీత కింది మొత్తాన్ని నమ్మినంతగా నా భుజాలను ఎందుకు నమ్మలేకపోయాను? చదువు వచ్చాక మనం మొదట వదిలేసే సాక్షి మన ఒళ్లేనా?

సాంద్రత అనే అంకెలో ఒక షరతు ఉంటుంది. వస్తువు లోపలంతా ఒకే పదార్థం, ఖాళీ లేకుండా ఉంటేనే అది చెల్లుతుంది. టేపు పైభాగాన్ని మాత్రమే కొలుస్తుంది, లోపలి సంగతి మనం ఊహించుకుంటాం. ఆ ఊహను లెక్కలో ఎక్కడా రాయం కాబట్టి అది ఊహ అన్న సంగతే మరిచిపోతాం. భంగార్ ఆయన విషయంలోనూ నేను చేసింది అదే. తూకం వేసే మనిషి అన్న ఒక్క కొలతతో ఆయన లోపలంతా మోసమే నిండి ఉందని తేల్చేశాను.

బాపుకు సాంద్రత అన్న మాట తెలియదనుకునేవాణ్ని. కానీ నూలు కౌంటు అంటే ఏమిటి? 840 గజాల చిట్టెలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో ఆ సంఖ్యే కౌంటు. నలభై కౌంటు నూలంటే పౌనుకు 33,600 గజాలు. పొడవు తెలిస్తే బరువు చెప్పే లెక్క అది, నా సూత్రానికి తోబుట్టువు. ఆయన ఆ లెక్కలోనే బతికాడు. అయినా కొత్త నూలు వస్తే, కోను మీద కౌంటు అచ్చువేసి ఉన్నా, కొస తీసి వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. అచ్చయిన అంకె మీద అపనమ్మకంతో కాదు. ఆ అంకె ఈ నూలు గురించేనా అని.

ఆ రోజు భంగార్ ఆయనకు బాపే చాయ్ తెప్పించాడు. నేను షెడ్డు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. క్షమించమన్న మాట గొంతు దాటలేదు.

చాలా ఏళ్లకు, బాపు లేని రోజుల్లో, భంగార్ ఆయన దుకాణం ముందు ఆగాను. పెద్దవాడైపోయాడు. నన్ను గుర్తుపట్టలేదు, ఆ సంగతీ గుర్తులేదు. ఏ బీములు, ఎప్పటివి అని అడిగాడు. ఒక స్టూలు చూపించాడు. కూర్చుని, వ్యాసం దగ్గర మొదలుపెట్టి, మొత్తం చెప్పాను.