కరెంటు తీసిన నీళ్లల్ల బలం పోతదా?

అన్నలారా, మీ పిల్లలు అశోక్‌నగర్ రూముల్లో గ్రూప్స్‌కు చదువుతుంటే ఈ పోస్టు వాళ్లకు పంపండి.

మా తమ్ముడి కొడుకు అక్కడే ఉంటడు, పొద్దంతా చిక్కడపల్లి లైబ్రరీల చదువుతడు. మా బిడ్డ నారాయణగూడల ఇంటర్ ఎంపీసీ. మొన్న బియ్యం ఇచ్చి వద్దామని పోతే రూముల అయిదారుగురు పిల్లలున్నరు. శ్రీశైలం ఎడమగట్టు ఎంత అంటే 900 మెగావాట్లు, 6 యూనిట్లు, ఒక్కోటి 150 అని టకటకా చెప్పిన్రు. నీళ్లకెళ్లి కరెంటు ఎట్ల పుడతది అంటే మాత్రం ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఒక పిల్లగాడైతే, "కరెంటు తీసినంక నీళ్లల్ల బలం ఉండదని మా తాత అనేటోడు" అన్నడు. నవ్వకండి, మన ఊళ్లల్ల ఈ మాట ఇంకా ఉంది.

బోరు మోటారు యాది చేసుకోమన్న. కరెంటు ఇస్తే లోపలి ఫ్యాన్లు తిరిగి నీళ్లు పైకెక్కుతయి. వాల్వు పాడైన మోటారు బంద్ చేసి చూడండి, పైపుల నీళ్లు కిందికి దిగుకుంట ఫ్యాన్లను ఉల్టా తిప్పుతయి. పవర్ హౌస్‌ల జరిగేది ఆ ఉల్టా తిరుగుడే. తిరిగే ఇరుసుకు అయస్కాంతం, చుట్టూ రాగితీగ చుట్టలు. పాత సైకిల్ డైనమో లెక్కనే. శ్రీశైలం ఎడమగట్టు మిషన్లయితే రెండు పనులూ చేస్తయి. కరెంటు మిగిలినప్పుడు అవే మోటార్లయి కింది నీళ్లను మళ్లీ పైకి తోడగలవు.

మా బిడ్డ కాగితం మీద లెక్క కట్టింది. 1000 లీటర్లు 100 మీటర్ల ఎత్తు నుంచి పడితే, నష్టాలు లేకున్నా, వచ్చేది పావు యూనిట్ పైచిలుకే. మన 5 హెచ్‌పీ మోటారు గంట నడవాలంటే దాదాపు 14 వేల లీటర్లు అట్ల పడాలె!

ఇగ బలం సంగతి. నీళ్లు పోగొట్టుకునేది ఎత్తు ఒక్కటే, సారం కాదు. సాగర్ ఎడమ కాలువ మీది పవర్ హౌస్‌ను తిప్పిన నీళ్లే మిర్యాలగూడ దిక్కు వరికి పారుతున్నయి. కానీ డ్యామ్ కింది పెద్ద పవర్ హౌస్‌కు వదిలితే ఆ నీళ్లు నదిలకు దిగిపోతయి. కృష్ణా డెల్టాకు పనికొస్తయి గానీ మళ్లీ మన కాలువ ఎక్కవు. ఎత్తు పోయిందంటే అర్థం ఇదీ.

"మరి కరువొచ్చిన ఏడు ఏది ముందు తెరవాలె పెద్దనాయినా?" అన్నడు మావోడు. కాలువే అన్న నేను. వాళ్లల్ల తెనాలి పిల్లగాడు ఒకడున్నడు, అస్సలు ఒప్పుకోలే. రాత్రి పది దాకా అదే పంచాయితీ.