తెల్లదోమయు మన పెరడును

పరదేశమునుండి వచ్చిన వస్తువు అందమైనదైనచో మనవారు చేతులు చాచి ఇంటికి తెచ్చుకొందురు. దానివెంట వచ్చిన కీడును మాత్రము దైవముపై వేయుదురు. కొన్నేండ్లుగా కోనసీమ కొబ్బరితోటలను పట్టిన తెల్లదోమ విషయమున మేము ఈ రెండును కన్నులార చూచితిమి గనుక, చదువరులకు నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

ఈ పురుగు పుట్టినిల్లు మధ్య అమెరికా. మనదేశమున 2016వ సంవత్సరమున తమిళనాటి పొల్లాచ్చి ప్రాంతమున మొదట దీనిని గుర్తించిరి. కొలదికాలములోనే గోదావరి తీరమునకు వచ్చినది. ఇంత దూరము వచ్చినదిగదా యని గొప్ప రెక్కలున్నవని తలపవలదు. తనంతట తాను బహుదూరము ఎగురజాలదు. ఆకు అడుగున వలయములుగా గ్రుడ్లు పెట్టి, మైనపుపొడి కప్పి ఊరకుండును. ఆ ఆకు ఎక్కిన ఓడయు, లారీయు, చుట్టములు సంచిలో పెట్టుకొని తెచ్చు జామ అంటును దానికి రెక్కలు. ఓడలలో వచ్చు మొక్కలకొరకు 1914లోనే మనదేశమున చట్టము పుట్టినది. సంచిలో వచ్చు అంటును పరీక్షింపవలసిన యధికారి ఇంటివారే.

దోమ ఆకురసమును పీల్చి తేనెవంటి జిగటను విడుచును. అది క్రింది ఆకులపై పడగా దానిపై మసివంటి బూజు పెరుగును. చెట్టు సాధారణముగా చావదు గాని, ఆకునకు వెలుతురు తగులక సత్తువ తగ్గును.

మా పెద్దమ్మకు పండ్రెండు కొబ్బరిచెట్లున్నవి. పెదనాన్న పోయిననాటినుండి ఆ కాయల సొమ్మే ఆమెకు ఆధారము. ఆకులు నల్లబడగానే ఇరుగుపొరుగువారు దిష్టి యనిరి. గుమ్మడికాయ కట్టించిరి. అంతటితో పోయిన బాగుండెడిది. భర్తలేని దాని నీడ పడిన చెట్టు అట్లే యగునని ఒకరు ఆమె వినునట్లే పలికిరి.

“నా చేత్తో నీళ్లు పోసి పెంచిన చెట్లు నాయనా! నా నీడకే మాడిపోతాయా?” అని ఆమె మమ్మడిగెను.

మేము ఆకు తిప్పి భూతద్దముతో పురుగును చూపితిమి. ముత్తైదువల పెరళ్లనుండియు ఆకులు కోయించి తెచ్చి ప్రక్కన పెట్టితిమి. అన్నిటను అదే పురుగు. “అయితే దీనికి ఆ భేదం లేదన్నమాట” అని ఆమె నవ్వెను. పొరుగువారు నవ్వలేదు.

చదువుకొన్న యువకులకు దిష్టియందు నమ్మకము లేదు; వారి నమ్మకమంతయు మందుడబ్బాయందే. ఇది రెండవ మూఢత్వమని మా యభిప్రాయము. తెల్లదోమ పిల్లలలో కొన్ని నల్లబడి యుండును. ఎన్కార్సియా అను, చీమకంటె చిన్నదైన కందిరీగజాతి జీవి వానిలో గ్రుడ్లు పెట్టిన గురుతు అది. చల్లిన విషము ఈ మిత్రునిగూడ చంపును. 2021లో గుంటూరు, ఖమ్మము మిరపతోటలపై ఆగ్నేయాసియా తామరపురుగు విరుచుకొనిపడినప్పుడు రైతులు మందుపై మందు చల్లి అప్పులపాలైరి, పూత దక్కలేదు.

పరదేశపు జీవిని తెచ్చుటయే తప్పని మేమనుట లేదు. 2008లో కోయంబత్తూరున కనబడిన మెక్సికో దేశపు పిండినల్లి తమిళనాటి బొప్పాయితోటలను, మల్బరీతోటలను పాడుచేయగా, 2010లో ప్యూర్టోరికోనుండి మూడు జాతుల చిన్న కందిరీగలను రప్పించి, బెంగళూరులో పరీక్షించి, పిమ్మట విడిచిరి. మందులకు లొంగని పురుగు వానికి లొంగినది. పరీక్షించి తెచ్చుటకును, సంచిలో తెచ్చుటకును గల భేదమిదియే.

పెద్దమ్మ యిప్పుడు పలుచని గంజి చల్లించుచున్నది; ఎండకు గంజి పెచ్చులుగా లేచి బూజును వెంటబెట్టుకొని రాలును. పసుపుపచ్చని రేకులకు ఆముదము పూసి చెట్ల నడుమ కట్టించినది. నల్లబడిన పిల్లలున్న ఆకులను మాత్రము ఎవరిని ముట్టనీయదు. మొన్న ఆ పొరుగింటివారే వచ్చి యడుగగా నాలుగు ఆకులు కోయించి యిచ్చెను.