గ్రాన్ టూరిస్మో - ఒక గేదె బేరం

సెకండ్ హ్యాండులో లగ్జరీ కారు కొన్నానని చెబితే జనం రెండు రకాలుగా చూస్తారు. "అబ్బో, హైకు బానే వచ్చినట్టుందే" అనేవాళ్ళు కొందరు. "పిచ్చా నీకు? దాన్ని మేపడానికి ఫ్లాటు అమ్ముకోవాలి" అనేవాళ్ళు మిగతావాళ్ళు. కొని ఏడాది దాటింది కాబట్టి ధైర్యంగా చెప్తున్నా, ఇద్దరూ సగం సగం కరెక్టే. మన ఐటీ జనాల్లో చాలామందికి ఈ దురద ఉంటుందని తెలుసు కాబట్టి, నా బేరం ఎలా సాగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నా. నేను చేసిన వెధవ పనితో సహా :-)

ముందు కారణం చెప్పాలి. అమ్మ అత్తిలిలో ఉంటుంది. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. మూడు నెలలకోసారి హైదరాబాదు తీసుకొచ్చి డాక్టరుకి చూపించాలి. రైల్లో రమ్మంటే, బోగీలోకి ఎక్కే ఆ రెండు మూడు మెట్లే ఆవిడకి తిరుమల మెట్లు. నా పాత చిన్నకారులో సీటు నేలబారుగా ఉంటుంది, కూర్చోడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. సరే కదాని ఒకసారి ఫ్రెండు దగ్గర పెద్ద ఎస్‌యూవీ అడిగి తీసుకెళ్ళా. అది ఎక్కడానికి వంటింట్లోంచి పీట తెచ్చి వెయ్యాల్సొచ్చింది. వీధి వీధంతా చూస్తుండగా ఆ పీట ఎక్కుతున్నప్పుడు అమ్మ మొహం చూశాక ఎస్‌యూవీ ఆలోచన మానుకున్నా.

ఇది పైకి చెప్పే కారణం. లోపలి కారణం ఇంకోటి ఉంది. మా ఊళ్ళో మార్గశిర శుద్ధ షష్ఠికి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉంటాయి. ఆ జనంలో ఓ మంచి కారు దిగాలని చిన్నప్పట్నుంచీ కోరిక. అమ్మ మోకాళ్ళకి కారు కావాలన్నది ఎంత నిజమో, ఇదీ అంతే నిజం. బేరంలో మనిషిని ముంచేది ఎప్పుడూ ఈ రెండో కారణమే.

ఇహ కారు సంగతి. గ్రాన్ టూరిస్మో అనేది ఇటలీ వాళ్ళ మాట. దూరప్రయాణాన్ని వేగంగా, ఒళ్ళు నలక్కుండా చేయించే బండి అని దాని భావం. 1951లో వచ్చిన లాన్చియా ఆరేలియా బీ20 తో ఈ పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది. వాళ్ళకి ఆల్ప్స్ కొండలు దాటే ప్రయాణాలు. మనకి హైదరాబాదు నుంచి సూర్యాపేట, బెజవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా తణుకు దగ్గర హైవే దిగి, రేలంగి దాటి అత్తిలి. సుమారు 400 కిలోమీటర్లు. చివరి పాతిక నిమిషాలు ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను. నల్లరేగడి మీద వేసిన రోడ్డు కాబట్టి ఎన్నిసార్లు వేసినా అలల్లా లేస్తుంది. ఈ దారికి పడుకునే స్పోర్ట్స్ కారు పనికిరాదు.

వెతగ్గా వెతగ్గా తేలింది బిఎండబ్ల్యూ వాళ్ళ గ్రాన్ టూరిస్మోలు. 3 సిరీస్‌లో ఒకటి 2014లో మన దేశానికి వచ్చింది, 6 సిరీస్‌లో ఇంకోటి 2018లో. 3 జీటీ మామూలు 3 సిరీస్ సెడాన్ కన్నా చక్రాల మధ్య 110 మిల్లీమీటర్లు పొడుగు. అసలు విషయం, కూర్చునే ఎత్తు 59 మిల్లీమీటర్లు ఎక్కువ. చదవడానికి రెండంగుళాల పైచిలుకే. మోకాళ్ళు అరిగిన మనిషికి ఆ రెండంగుళాలే కారు.

కానీ నా కళ్ళు 6 జీటీ మీద పడ్డాయి. 2018లో 630ఐ షోరూం ధర 58.9 లక్షలు. బెజవాడలో ఒకాయన 21 లక్షలకి ఇస్తానన్నాడు. అలాంటి బళ్ళకి మిగతావాళ్ళు చెప్పే రేటుకి ఏడెనిమిది లక్షలు తక్కువ. ఇంత తక్కువకి ఎందుకిస్తున్నాడని అనుమానం రావాలా వద్దా? రోజూ ఆఫీసులో ప్రతి లైనునీ అనుమానించే నాకు ఆరోజు రాలేదు. ఫోటోలు చూసి, హైదరాబాదులో కూర్చుని, 25 వేలు టోకెన్ కొట్టేశా. వెధవ పని ఇదే.

శనివారం వెళ్ళి చూడాలి. తోడు రమ్మని అత్తిలిలో మావయ్యకి ఫోన్ చేశా. నలభయ్యేళ్ళు ట్రాక్టర్లు, ఆయిలింజన్లు బాగుచేసిన మనిషి. "అలాంటి బళ్ళు నాకేం తెలుసురా" అంటూనే పొద్దున్నే రైలెక్కి వచ్చేశాడు.

నేను నా ఓబీడీ పరికరం తగిలించి, ఫోన్లో చూసి, "ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు మావయ్యా" అన్నా గర్వంగా. ఆయన దాని వంక చూడనుకూడా లేదు. డోరు తీసి ముక్కుతో గట్టిగా పీల్చాడు. సెంటు వాసన గుప్పుమంది. "ఇంత సెంటు ఎందుకు కొట్టాడో" అని గొణిగి, సీటు బెల్టు పట్టుకుని చివరంటా లాగాడు. ఎవరూ అంతవరకూ లాగరు కదా, అక్కడ ఒక గోధుమరంగు గీత ఉంది. సీటు కింద పట్టా సందులో వేలు పెట్టి తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి నాకు చూపించాడు.

"ఇది రోడ్డు దుమ్ము కాదురా అల్లుడూ. వండ్రు."

మాది కాలవల దేశం. నీళ్ళు తీశాక గచ్చు మీద, గోడల మీద మిగిలే ఆ మెత్తటి మట్టిని చీకట్లో కూడా గుర్తుపడతాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి బెజవాడలో సగం కాలనీలు మునిగాయి. ఆ నీళ్ళు దిగి దిగి చివరికి మా పక్క కొల్లేరుకే చేరాయి. ఆ నీళ్ళలో నిలబడ్డ కార్లు ఎక్కడికి చేరాయో ఎవరూ అడగలేదు. ఇన్సూరెన్సు వాళ్ళు మొత్తం నష్టం కింద లెక్కకట్టి వేలంలో అమ్మేస్తే, కొన్నవాళ్ళు కడిగి, ఆరబెట్టి, సెంటుకొట్టి నిలబెట్టినవీ ఉంటాయి. నేను చూసిన బండి అలాంటిదో కాదో, అమ్మేవాడికి తెలుసో తెలీదో నేను చెప్పలేను. కానీ ఈ రకం కార్లలో బ్యాటరీ వెనక డిక్కీలో అడుగున ఉంటుంది, వైర్ల కట్టలు కార్పెట్ కింద పోతాయి. అక్కడిదాకా నీళ్ళొచ్చిన బండి ఇవాళ నడుస్తుంది, ఆర్నెల్ల తర్వాత ఒక్కో దీపమూ వెలగడం మొదలెడుతుంది.

మరి నా పరికరం ఎందుకు చెప్పలేదు? ఇంటికొచ్చాక తీరిగ్గా చూస్తే తెలిసింది. కోడ్లు చెరిపేస్తే, దాంతోపాటు కారు తనను తాను పరీక్షించుకున్న రికార్డు కూడా చెరిగిపోతుంది. మళ్ళీ కొంత దూరం తిరిగితే గానీ ఆ పరీక్షలు పూర్తికావు. నా ఫోన్లో ఆ పరీక్షలన్నీ "పూర్తి కాలేదు" అనే ఉన్నాయి. అంటే లాగ్స్ అన్నీ డిలీట్ చేసి, ఎర్రర్లు లేవు కాబట్టి సిస్టమ్ ఆరోగ్యంగా ఉందన్నట్టు. ప్రొడక్షన్‌లో ఎవడైనా ఇలా చేస్తే నేనే చొక్కా పట్టుకునేవాణ్ణి.

టోకెన్ 25 వేలు తిరిగి రాలేదు. తిరిగొచ్చేటప్పుడు మావయ్య తిట్టలేదు, ఒకటే అడిగాడు. "సంతలో గేదెని కొనేటప్పుడు రెండు పూటలా పాలు పిండించి చూడకుండా డబ్బులిస్తామేంట్రా?"

ఆ మాట పట్టుకునే రెండో బండి వెతికా. ఈసారి 3 జీటీ, 320డీ, 2017 మోడలు, 62 వేల కిలోమీటర్లు, హైదరాబాదులోనే, మొదటి ఓనరు. ముందురోజే చెప్పా, "రేపు పొద్దున నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి సార్" అని. ఆరున్నరకి వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకుని అప్పుడు స్టార్ట్ చేయించా. ఈ డీజిల్ ఇంజన్లలో టైమింగ్ చెయిన్ వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. మార్చాలంటే పెద్ద పని, లక్షల్లో పోతుంది. అరిగిన చెయిన్ గలగల బాగా వినపడేది చల్లటి ఇంజన్ అందుకున్న మొదటి క్షణాల్లోనే. వీడియో కాల్‌లో మావయ్య, "ఫోను లోపలికి పెట్టరా, ఇంకా లోపలికి" అని ఓ నిమిషం విని, "గొలుసు మోత లేదు, చూడు" అన్నాడు. ఓనరుగారు మా ఇద్దర్నీ ఎలా చూశాడో రాయను. సాయంత్రం మళ్ళీ వెళ్ళి, ఔటర్ మీద గంటసేపు తిప్పి, వేడెక్కాక గేర్లు ఎలా పడుతున్నాయో చూశా. రెండు పూటలా పిండించినట్టే కదా :-)

6 జీటీకి వెనక గాలి సస్పెన్షన్ ఉంటుంది, దీనికి మామూలు స్ప్రింగులు. హోదా తగ్గింది, ఒక పెద్ద ఖర్చు కూడా తగ్గింది. మిగతావి వరసగా చూశా. సర్వీసు బిల్లుల్లో కిలోమీటర్లు ఏటేటా సవ్యంగా పెరిగాయా? అద్దాల మీద తయారీ గుర్తులు అన్నీ ఒకే కాలానివేనా? టైరు పక్కన నాలుగంకెల కోడు ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. కిలోమీటర్లు తక్కువ తిరిగిన టైర్లయినా వయసు అయిపోయింది. అది చూపించి బేరమాడితే 17.5 లక్షలకి తెగింది.

కాయితాల విషయంలో బద్ధకించకండి. ఫారం 29, 30 సంతకాలు, లోన్ ఉండి ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ, పెండింగ్ చలాన్లు. ఇన్సూరెన్సు 14 రోజుల్లోగా మన పేరుకి మార్చమని అడగాలి, అమ్మినాయన నో క్లెయిం బోనస్ మనకి రాదు. వేరే రాష్ట్రం బండి చవగ్గా కనిపిస్తే లైఫ్ టాక్సు కలిపి లెక్కెయ్యండి. 2014 జూన్ 2 తర్వాత ఆంధ్రా బండి తెలంగాణకీ, తెలంగాణ బండి ఆంధ్రాకీ వేరే రాష్ట్రం బండే. ఏడాది మించి ఉంచితే మళ్ళీ రిజిస్ట్రేషన్ తప్పదు. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద నిషేధం చుట్టూ కోర్టులో ఎన్ని మలుపులు తిరిగినా, అక్కణ్ణుంచి చవగ్గా దిగే లగ్జరీ డీజిల్ బండికి ఆ చవక ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు కనుక్కోండి.

ఇప్పుడు అసలు లెక్క. కొన్న నెలలోపే నాలుగు టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, గేర్‌బాక్స్ ఆయిల్ కలిపి 2.1 లక్షలు. ఆ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చాలామంది చెప్తారు. గేర్‌బాక్స్ తయారుచేసే జడ్‌ఎఫ్ వాళ్ళు మాత్రం 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్యో, ఎనిమిదేళ్ళకో మార్చమంటారు. నేను తయారుచేసినవాడి మాటే విన్నా. ఆ తర్వాత ఇన్సూరెన్సు, సర్వీసు, అనుకోని రిపేర్లకని ఏడాదికి 2.5 లక్షలు వేరే ఖాతాలో వేస్తున్నా. ఏనుగు చచ్చినా వెయ్యే బతికినా వెయ్యే అన్నట్టు, కారు ధర మూడోవంతుకి పడిపోయినా హెడ్‌లైటు ధర పడిపోదు. మనం కొనేది పదిహేడు లక్షల కారు కాదు, పదిహేడు లక్షలకి దొరికిన యాభై లక్షల కారు. పదిహేడు లక్షలు చేతిలో ఉన్నంత మాత్రాన కొనెయ్యకూడదు. ఈ ఒక్క ముక్క మనసుకెక్కితే పైన రాసిందంతా మర్చిపోయినా ఫరవాలేదు.

షష్ఠికి ఊరెళ్ళా. తీర్థం జనంలో కారు పెట్టే చోటెక్కడిది? ఇంటి దగ్గరే వదిలేసి అమ్మని ఆటోలో తీసుకెళ్ళా. నా చిన్నప్పటి కోరిక అలా తీరింది.

మర్నాడు హైదరాబాదు ప్రయాణం. పీట లేదు, చెయ్యి పట్టుకోలేదు. అమ్మ పక్కకి తిరిగి సీటు మీద కూర్చుని, కాళ్ళు రెండూ లోపలికి తిప్పుకుని, "పద" అంది. ఏలూరు రాకముందే నిద్రపోయింది. సూర్యాపేట దగ్గర లేచి ధర అడిగింది. చెప్పా. పెద్దగా పట్టించుకోలేదు.

"దాణా ఎంతవుద్ది?"

"దాణా ఏంటమ్మా?"

"ఏడాదికి దీన్ని మేపడానికి ఎంతవుద్దిరా?"

కారు కొన్నాక ఆఫీసులో అందరూ మైలేజీ అడిగారు, టాప్ స్పీడు అడిగారు. ఈ ప్రశ్న ఒక్కళ్ళూ అడగలేదు. రెండున్నర లక్షలు అని చెప్పా. కాసేపు కిటికీలోంచి చూస్తూ, "అయిదెకరాల కౌలు" అంది. నాకు నోట మాట రాలేదు. నాన్న పోయాక ఆ కౌలు డబ్బుల్తోనే నా ఇంజనీరింగు అయింది.

అమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మళ్ళీ తనే అంది. "పాలిచ్చినన్నాళ్ళు ఉంచుకో. వట్టిపోయాక మాత్రం పంతానికి పోయి మేపకు."

ఆ ఖాతాలో ఉన్నదానికి మించి ఒక్క రిపేరు వచ్చిన రోజు అమ్మేస్తానని మాటిచ్చా. ఇంకా పాలిస్తోంది.