పన్నెండు మంది కావలెను

గేమ్ మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. అప్పటిదాకా దాన్ని ఆడిన మనిషి ఒక్కడే. నేనే!

పులి-మేక ఆట గుర్తుందా? మా ఊరి రామాలయం అరుగు మీద గీసి ఉండేది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకితే మేక చచ్చినట్టు. కదల్లేకుండా పులుల్ని కట్టేస్తే మేకలు గెలిచినట్టు. దాన్ని ఫోన్లోకి తేవాలని నా పిచ్చి. అందుకే ఉద్యోగం మానేసి కూర్చున్నా. కోడింగ్ నేనే, బొమ్మలు నేనే, సౌండ్లు నేనే. గోడో ఇంజిన్ ఉచితం. ప్లే స్టోర్ అకౌంట్‌కి 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు. దాచుకున్నదంతా కరిగింది తిండికీ, అద్దెకీ.

ధైర్యం తగ్గినప్పుడల్లా ఎరిక్ బారోన్‌ని తలుచుకునేవాణ్ణి. నాలుగున్నరేళ్లు ఒంటరిగా కష్టపడి 2016లో 'స్టార్‌డ్యూ వ్యాలీ' విడుదల చేశాడు కదా, నేను చేయలేనా అని. ఆ రోజుల్లో ఆయన ఓ థియేటర్లో పార్ట్ టైమ్ పని కూడా చేశాడన్న సంగతి మాత్రం నాకు అవసరం లేనట్టు వదిలేసేవాణ్ణి.

తీరా విడుదల చేద్దామనుకుంటే ప్లే స్టోర్ రూల్ అడ్డొచ్చింది. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్ అయితే, కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు టెస్టింగ్‌లో ఉండాలి. మొదట్లో ఈ సంఖ్య 20 ఉండేదట. బాగా తిట్టుకున్నా. తర్వాత కూర్చుని పేర్లు రాశా. పదకొండు దగ్గర ఆగింది.

పన్నెండో పేరు నాన్న. చిక్కేంటంటే, నేను ఉద్యోగం మానేసిన సంగతి నాన్నకి తెలీదు.

రెండ్రోజులు వాయిదా వేసి, మూడో రోజు ఫోన్ చేసి చెప్పేశా. అవతల కాసేపు మాట లేదు.

"ఎన్నాళ్లయింది?"

"పద్నాలుగు నెలలు నాన్నా."

"అమ్మకి నేను చెప్తాలే. ఆ లింకేదో పంపు."

నాన్న వడ్రంగి. రాత్రి పనయ్యాక ఆడారు. మర్నాడు పొద్దున్నే ఫోన్. "ఒరేయ్, నేను ఒక మేకని ముట్టుకుంటే పక్క మేక కదుల్తోంది. నా వేళ్లు లావయ్యా ఏంటి?" లావు కాదు. నేను పెట్టిన మేకలు చిన్నవి. వేలు ఆనే చోటు కనీసం 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ గైడ్‌లైన్స్ చెబుతూనే ఉన్నాయి. నేను కంప్యూటర్‌లో మౌస్‌తో ఆడి చూసుకుని మురిసిపోయా.

రెండోది ఇంకా గట్టిగా తగిలింది. "పదిహేను మేకలూ దించేదాకా ఏ మేకా కదలకూడదు కదరా. నువ్వు ముందే కదలనిస్తున్నావ్. ఇక పులి ఎప్పుడు గెలుస్తుంది?" నిజమే. ఆటలో అసలు రూలే తప్పు! పద్నాలుగు నెలలు నీళ్ల మెరుపులు, ఆకుల కదలికలు దిద్దుకుంటూ కూర్చున్నా. ఒక్క మనిషికి చూపించి ఉంటే మొదటి వారంలోనే తెలిసేది. నచ్చలేదంటారేమోనన్న భయాన్నే ఇన్నాళ్లూ 'ఇంకాస్త బాగా చేద్దాం' అని పిలుచుకున్నానని అప్పుడు అర్థమైంది.

సరిచేసి విడుదల చేశా. మొదటి నెల 340 డౌన్‌లోడ్లు. యాడ్స్ మీద వచ్చింది రెండు ప్లేట్ల ఇడ్లీకి కూడా సరిపోదు. బాధ లేదంటే అబద్ధం.

వచ్చే నెల నుంచి మళ్లీ ఉద్యోగం. గేమ్స్ మానను, రాత్రి రెండు గంటలు దానికే. తర్వాతి ఆట వామనగుంటలు. మూడు నెలలే గడువు. మొదటి వారం బొమ్మలేమీ ఉండవు, ఉత్త గుండ్రాలు, చుక్కలు. అదే ఐదుగురి చేతికి ఇస్తా. వాళ్లు ఆడుతుంటే పక్కన నోరు మూసుకుని కూర్చుంటా. ఎక్కడ తడబడితే అక్కడ దిద్దుతా. మీరూ ఒంటరిగా ఏదైనా తయారు చేస్తుంటే, అది సగంలో ఉండగానే ఎవరికైనా చూపించండి.

ఈ ప్లాన్ నాన్నకి ముందే చెప్పా. అంతా విని ఒక్కటే మాట అన్నారు.

"ఈసారి గుంటలు కాస్త పెద్దవి పెట్టు."