షాట్లు పడని రోజు

కోబీ బ్రయంట్ వేసిన బంతి రింగుకు తగిలి పైకి లేచింది. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ తొలి రౌండు ఆరో మ్యాచ్. అప్పటికి ఓక్లహోమా సిటీ థండర్ 94, కోబీ జట్టు లాస్ ఏంజెలెస్ లేకర్స్ 93. ఆ బంతి థండర్ చేతిలో పడితే సిరీస్ మూడు మూడుగా సమమై ఏడో మ్యాచ్‌కు వెళ్తుంది. అవతలి పక్క నుంచి వచ్చిన పావ్ గసోల్ దాన్ని అందుకుని తిరిగి రింగులోకి పంపాడు. 95–94. గడియారంలో మిగిలింది అర సెకను. రసెల్ వెస్ట్‌బ్రూక్ విసిరిన చివరి బంతి పడలేదు. అమెరికాలో 2010 ఏప్రిల్ 30 రాత్రి, మనకు మే 1 పొద్దున.

ఓడిపోయిన థండర్ కుర్రాళ్లకు ఓక్లహోమా సిటీ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో తెలియాలంటే ఆ జట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి. 2008 వేసవిలో సియాటెల్ నుంచి ఆ ఊరికి తరలివచ్చిన జట్టది. కొత్త ఊళ్లో మొదటి సీజన్‌లో తొలి 32 మ్యాచుల్లో గెలిచినవి మూడే. ఏడాది మొత్తానికి 82లో 23. మరుసటి ఏడాదికల్లా అదే జట్టు 50 గెలిచి, వెస్ట్ విభాగంలో ఎనిమిదో స్థానంతో ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది. కెవిన్ డ్యూరాంట్‌కీ వెస్ట్‌బ్రూక్‌కీ 21 ఏళ్లు. జేమ్స్ హార్డెన్, సెర్జ్ ఇబాకా ఇద్దరూ ఇరవయ్యేళ్ల వాళ్లు. డ్యూరాంట్ ఆ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 30.1 పాయింట్లు చేశాడు. అంత చిన్న వయసులో ఎన్‌బీఏ స్కోరింగ్‌లో మొదటి స్థానం అంతకుముందు ఎవరికీ దక్కలేదు. తొలి రౌండులోనే వీళ్లకు ఎదురుపడింది 2009 ఛాంపియన్ లేకర్స్.

మొదటి రెండు మ్యాచ్‌లు లాస్ ఏంజెలెస్‌లో. రెండూ పోయాయి, కానీ ఎనిమిది పాయింట్లతో ఒకటి, మూడు పాయింట్లతో మరొకటి. సొంతూరికొచ్చాక మూడోది 101–96తో, నాలుగోది 110–89తో థండర్ గెలిచింది. ఆ నాలుగో మ్యాచ్‌లో కోబీ చేసినవి 12 పాయింట్లే. 31 ఏళ్లు, వేళ్లకు దెబ్బలు, మోకాలి నొప్పి. అతని పనైపోయిందనే మాట కూడా వినిపించింది.

ఐదో మ్యాచ్‌లో కోబీ ఏం చేశాడన్నది నాకు ఈ సిరీస్ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. లేకర్స్‌ని ముప్పుతిప్పలు పెడుతున్నది వెస్ట్‌బ్రూక్ వేగం. లేకర్స్ ఆటగాడు డెరెక్ ఫిషర్ కాళ్లకు ఆ వేగం అందడం లేదు. వెస్ట్‌బ్రూక్‌ని కాపు కాసే పని కోబీ తన మీద వేసుకున్నాడు. పదేళ్లు చిన్నవాడైన కుర్రాడి ముందు రాత్రంతా వంగి, పక్కకు జరుగుతూ, దారి మూస్తూ నిలబడడం ఒళ్లు హూనమయ్యే పని. ఆ రోజు అతను చేసినవి 13 పాయింట్లు. లేకర్స్ 111–87తో గెలిచింది. స్కోరు పట్టికలో ఆ 13 మామూలు అంకె. ఆ మ్యాచ్ చూసినవాళ్లకు మాత్రం, జట్టుకు ఆ రోజు ఏం కావాలో లెక్కగట్టి మిగతాదంతా పక్కన పెట్టిన మనిషి కనిపిస్తాడు.

ఇక ఆరో మ్యాచ్. డ్యూరాంట్ 23 షాట్లు వేస్తే పడినవి ఐదు. లేకర్స్ ఆటగాడు రాన్ ఆర్టెస్ట్ అతణ్ణి ఊపిరి తీసుకోనివ్వలేదు. ఫ్రీ త్రోల పుణ్యమా అని 26 పాయింట్లు వచ్చాయి గాని, అతని చేతిలోని విద్య ఆ రాత్రి పనిచేయలేదు. ఒక్క పాయింటు తేడాతో పోయిన మ్యాచ్ కాబట్టి ఆ 5, ఆ 23 చూసి ఎవరైనా నిట్టూరుస్తారు. ఇంకొక్కటి పడి ఉంటేనా అని.

ఏడు వారాల తర్వాత బోస్టన్ సెల్టిక్స్‌తో ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్. కోబీ 24 షాట్లు వేశాడు. పడినవి ఆరు. డ్యూరాంట్ చెడ్డ రాత్రికీ కోబీ చెడ్డ రాత్రికీ పెద్ద తేడా లేదు. అయినా లేకర్స్ 83–79తో గెలిచి ఛాంపియన్లయ్యారు. బంతి రింగులో పడనన్నప్పుడు కోబీ రింగు కింద గుంపులోకి దూరి 15 రీబౌండ్లు తీశాడు. గసోల్ 18 తీశాడు, అందులో తొమ్మిది తమవాళ్లు వేసి తప్పిన షాట్లవే. చూడముచ్చటైన ఆట కాదది. మోచేతులు, చెమట, నేలమీద దొర్లడం. ఈ రెండు మ్యాచ్‌లనూ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు నాకు ఒక విషయం తేటతెల్లమైంది. బాగా ఆడిన రోజున కుర్రాళ్లు ఛాంపియన్లతో సమానంగానే ఉన్నారు, ఒక్కోసారి వాళ్లను మించిపోయారు. తేడా అంతా బాగా ఆడలేని రోజున ఉంది. తన గొప్ప విద్య చెయ్యిచ్చిన రాత్రి మనిషి దగ్గర ఇంకేం మిగులుతుంది? ఛాంపియన్ల దగ్గర చాలా మిగిలింది.

మన ఇళ్లలో, ఆఫీసుల్లో పెద్దవాళ్లు కుర్రవాళ్లతో అనే మాటొకటుంది, మా సర్వీసంత లేదు నీ వయసు అని. వయసుకే దక్కే వరంలా చెబుతారు దాన్ని. లేకర్స్ చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. ఇదే కోబీ, ఇదే గసోల్, లామార్ ఓడమ్, ఫిషర్ 2008 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో ఇదే సెల్టిక్స్ చేతిలో 131–92తో ఓడారు. ఛాంపియన్‌షిప్ తేలే రోజున 39 పాయింట్ల తేడా! ఆ తర్వాత గసోల్ మెత్తనివాడని, ఒళ్లు దాచుకుంటాడని అమెరికా పత్రికలు ఏకిపారేశాయి. మంచి చేతి నేర్పు, చక్కని పాసులు, అంతా బాగుంది గాని కొట్లాటకు పనికిరాడన్నారు. రెండేళ్లు తిరిగేసరికి థండర్‌ని ఇంటికి పంపిన రీబౌండూ అతనిదే, సెల్టిక్స్‌ని ఓడించిన ఆ 18 కూడా అతనివే. ఆ రెండేళ్లలో అతని వయసు రెండేళ్లే పెరిగింది. అతణ్ణి మార్చిందల్లా ఆ 39 పాయింట్ల రాత్రిని మరిచిపోకపోవడం.

ఆదివారాలు మా కాలనీ గ్రౌండులో పిల్లలకు నేను బాస్కెట్‌బాల్ నేర్పుతాను. అందరికీ షాట్ అంటే ప్రాణం. బంతి వదిలాక చెయ్యి అలాగే గాలిలో ఉంచి, మునివేళ్ల మీద నిలబడి, పడుతుందా లేదా అని చూస్తుంటారు. ఆ చూస్తున్న క్షణంలోనే ఎదుటివాడు పక్కనుంచి దూరిపోతాడు. షాట్ గాల్లో ఉండగానే ఎదుటి ఆటగాణ్ణి వెతికి, వాడికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, వాణ్ణి రింగుకు దూరంగా నెట్టి నిలబెట్టాలి. బాక్స్ అవుట్ అంటారు దీన్ని. పొడుగూ అక్కర్లేదు, ఎగరడమూ అక్కర్లేదు. అయినా ఆటలో నేర్పడానికి అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఎందుకంటే బంతి మీదనుంచి చూపు తిప్పుకోవాలి. పిల్లలే కాదు, ఎన్‌బీఏ ఆటగాళ్లూ ఆ ఒక్క క్షణం బంతిని చూస్తూ ఉండిపోతారు. గసోల్ అందుకున్న ఆ బంతి దగ్గర అతణ్ణి ఆపే వీపు ఏదీ లేదు.

మా జట్టులో పదమూడేళ్ల అమ్మాయి ఒకతి ఉంది. ఒకరోజు ఆమె షాట్లు ఒక్కటీ పడలేదు. ముఖం చిన్నబుచ్చుకుని, "సార్, నన్ను బయట కూర్చోబెట్టండి" అంది. కూర్చోబెట్టలేదు. "ఈ రోజు షాట్ వేయకు. ఆ పొడుగుపిల్లని రింగు దగ్గరకు రానివ్వకు, అంతే నీ పని" అన్నాను. ఆట అయ్యేసరికి ఆమె మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది.

థండర్ కుర్రాళ్లు ఈ పాఠం త్వరగా నేర్చుకున్నారు. అంతకుముందు ఇంకో దెబ్బ తినాల్సి వచ్చింది. 2011 వెస్ట్ ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో, సొంత గడ్డ మీద, దాదాపు ఐదు నిమిషాల ఆట మిగిలి ఉండగా 15 పాయింట్ల ముందంజలో ఉండి కూడా డల్లస్ మావెరిక్స్‌కు ఓవర్‌టైమ్‌లో మ్యాచ్ అప్పజెప్పారు. వాళ్ల ఆటగాడు డర్క్ నోవిట్జ్‌కీ ఒక్కడే 40 కొట్టాడు. మరుసటి ఏడాది వాళ్లు ఆడిన ప్లేఆఫ్స్ నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే ఆట. 1999 నుంచి 2011 దాకా వెస్ట్ నుంచి ఎన్‌బీఏ ఫైనల్స్‌కు చేరినవి మూడే జట్లు, లేకర్స్, శాన్ ఆంటోనియో స్పర్స్, మావెరిక్స్. థండర్ ఆ మూడింటినీ వరుసగా ఓడించింది. ముందు మావెరిక్స్‌ని 4–0తో.

తర్వాత లేకర్స్. ఆ సిరీస్ రెండో మ్యాచ్ చివరి రెండు నిమిషాలు చూడాలి. ఇరు జట్లకూ షాట్లు పడని రాత్రి. లేకర్స్ 75–68తో ముందుంది. అక్కణ్ణుంచి మ్యాచ్ ముగిసేదాకా లేకర్స్‌కు ఒక్క పాయింటూ రాలేదు, థండర్ తొమ్మిది చేసింది. 77–75. రెండేళ్ల కిందట ఇలాంటి మ్యాచ్‌ని ఈ జట్టు గెలవలేకపోయింది. పైగా 2010లో లేకర్స్ తరఫున ఆడిన డెరెక్ ఫిషర్ ఇప్పుడు థండర్ బెంచీ మీద ఉన్నాడు. వయసు 37, జెర్సీ మీద అంకె కూడా 37.

ఆ తర్వాతి సిరీస్‌లో, వరుసగా 18 మ్యాచ్‌లు గెలిచి ఉన్న స్పర్స్ చేతిలో మొదటి రెండూ ఓడి, ఆ పైన నాలుగూ గెలిచారు. ఫైనల్స్‌లో మాత్రం మయామీ హీట్ 4–1తో గెలిచింది. ఆ హీట్ కూడా ఏడాది కిందట ఫైనల్స్‌లో మావెరిక్స్ చేతిలో చిత్తై వచ్చిన జట్టే.

డ్యూరాంట్‌కు అప్పుడు 23. వాళ్లు మళ్లీ మళ్లీ వస్తారనుకోని వాళ్లు లేరు. నేనూ అలాగే నమ్మాను, ఇప్పుడు ఆలోచించినా నమ్మకుండా ఉండేందుకు కారణమేదీ కనిపించదు. నాలుగు నెలలకే, అక్టోబర్‌లో, ఒప్పందం డబ్బు దగ్గర తెగక హార్డెన్‌ని హ్యూస్టన్ జట్టుకు పంపేశారు. 2016లో డ్యూరాంట్ గోల్డెన్ స్టేట్ జట్టుకు వెళ్లిపోయాడు. డ్యూరాంట్, వెస్ట్‌బ్రూక్, హార్డెన్ ముగ్గురూ తర్వాత వేర్వేరు ఏళ్లలో ఎన్‌బీఏ అత్యుత్తమ ఆటగాళ్లయ్యారు. కాని ముగ్గురూ కలిసి థండర్ జెర్సీలో ఇంకో ఫైనల్స్ ఆడలేదు. థండర్ మళ్లీ ఫైనల్స్‌కు చేరింది 2025లో. అప్పుడు ఇండియానా పేసర్స్‌ని ఏడో మ్యాచ్‌లో ఓడించి కప్పు అందుకున్నది అంతా కొత్త కుర్రాళ్లు. ఓటమి నేర్పే పాఠానికి రెండేళ్లు పట్టవచ్చు, కాని ఆ పాఠం నేర్చుకున్నవాళ్లు కలిసి ఉండే కాలం ఎంతో ఎవరూ చెప్పలేరు. హార్డెన్ విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వచ్చే నెలలో అండర్-14 జిల్లా పోటీలున్నాయి. మా గ్రూపులో పోయినేడు గెలిచిన జట్టు పడింది. వాళ్లలో సగం మంది మా పిల్లలకన్నా జానెడు పొడుగు. ఇప్పుడే ఎందుకు, వచ్చే ఏడాది పంపిద్దాం, ఇంకాస్త ఎదుగుతారు అని తల్లిదండ్రులు కొందరన్నారు. వచ్చే ఏడాదికి ఇద్దరు పిల్లలు తండ్రుల బదిలీలతో వేరే ఊళ్లకు పోతారు, ఒకడు హాస్టల్లో చేరతాడు. ఎంట్రీ ఫీజు కట్టేశాను. రోజూ పొద్దున ఐదున్నరకు రమ్మన్నాను. మొదటి అరగంట బంతి ఇవ్వను.